తుపాకీని లెక్క అడిగిన తల్లులు

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం సైనికాధికారం, ప్రజల నిరసన. పెద్ద విషయమే. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా వీధుల గురించి చెప్పొచ్చు. మాయమైపోయిన బిడ్డల కోసం అర్జెంటీనాలో తల్లులు చేసిన పోరాటం గురించి చెప్పొచ్చు. నేను అంత దూరం పోను, మణిపూర్ దగ్గరే ఆగుతాను. అక్కడ జరిగింది మన ప్రభుత్వం చేసింది, మనందరి పేరు మీద చేసింది. పైగా ఆ కథలో ఒక తెలుగు న్యాయమూర్తి చేసిన మంచి పని ఒకటుంది. దాని గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ముందు ఒక మాట చెప్పి మొదలుపెడతాను. సైన్యాన్ని ప్రశ్నిస్తే మనలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ఎందుకో నాకు తెలుసు. పశ్చిమ గోదావరిలో మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు, తరతరాలుగా సైన్యంలోకి పిల్లల్ని పంపిన ఊరు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020లో గల్వాన్‌లో ప్రాణాలిచ్చాడు. మణిపూర్‌లోనే, 2015 జూన్‌లో, చందేల్ జిల్లాలో తీవ్రవాదులు మాటువేసి 18 మంది జవాన్లను చంపారు. వాళ్ళ ఇళ్ళలోనూ తల్లులు ఏడ్చారు. ఇవన్నీ మనసులో పెట్టుకునే మాట్లాడుతున్నాను. మణిపూర్ తల్లులు అడిగింది ఒక్కటే: మా పిల్లవాడిని చంపారు, ఎందుకు చంపారో ఒక కోర్టులో చెప్పండి. అది అడగడానికి వీల్లేని చట్టం ఒకటి ఉంది.

ఆ చట్టం పేరు సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం. అఫ్‌స్పా అని పేపర్లలో చూస్తుంటారు. దాని పుట్టుక మనం తెలుసుకోవాలి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. ఆగస్టు 12న తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. వాళ్ళ గుర్తుగానే అక్కడ రణరంగ చౌక్ ఉంది. ఆ తర్వాత మూడు రోజులకు, ఆగస్టు 15న, వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒక ఆర్డినెన్స్ తెచ్చాడు. ఉద్యమాన్ని అణచడానికి సైనికాధికారులు చంపేదాకా కాల్పులు జరపొచ్చని దాని సారాంశం. మన తాతల మీద తెచ్చిన చట్టం అది. సరిగ్గా అయిదేళ్ళకు, అదే తేదీన, స్వాతంత్ర్యం వచ్చింది. ఇంకో పదకొండేళ్ళకు, 1958లో, నాగా కొండల్లో తిరుగుబాటును చూపించి మన పార్లమెంటు అదే నమూనాలో చట్టం చేసింది.

ఒక తేడా మాత్రం ఉంది. తెల్లవాడి ఆర్డినెన్స్‌లో ఆ అధికారం కెప్టెన్‌కూ ఆ పైవాళ్ళకే ఉండేది. మన చట్టం దాన్ని హవల్దార్ల స్థాయి దాకా దించింది. ఒక ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమని ప్రకటిస్తే చాలు. అక్కడ అయిదుగురు గుమిగూడకూడదనే ఆజ్ఞను మీరితే, హెచ్చరించి కాల్చొచ్చు, ప్రాణం పోయినా సరే. అది నాలుగో సెక్షన్. వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, ఇంట్లోకి దూరి సోదా చెయ్యొచ్చు. ఆరో సెక్షన్ ఇంకా గట్టిది. ఈ చట్టం కింద చేసిన పనికి కేంద్ర ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప ఎవరిమీదా కేసు నడవదు. అసలు చిక్కు అక్కడుంది. సైనికుడు తప్పు చేశాడా లేదా అనేది తర్వాతి సంగతి, ఆ ప్రశ్న కోర్టు గడప దాకా రావాలంటేనే ఢిల్లీలో సంతకం కావాలి.

ఆ రోజు పార్లమెంటులో దీన్ని వ్యతిరేకించినవాళ్ళు లేకపోలేదు. మణిపూర్ నుంచి గెలిచిన సభ్యుడు లైశ్రామ్ అచౌ సింగ్ లేచి, ఇది చట్టమే కాని చట్టం అన్నాడు. హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ వినలేదు. బిల్లు నెగ్గింది. 1980 కల్లా మణిపూర్ మొత్తం ఆ చట్టం కిందికి వచ్చింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఇది కాస్త నిదానంగా చెప్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఇంఫాల్ నడిబొడ్డున ఒక పెద్ద మార్కెట్ ఉంది, ఇమా కైథెల్ అంటారు. ఇమా అంటే అమ్మ. కొట్లన్నీ ఆడవాళ్ళవే. కూరలు, చేపలు, చేనేత బట్టలు అన్నీ వాళ్ళే అమ్ముతారు. ఆ సంతలో కూర్చున్న ఆడవాళ్ళు 1904లోనే బ్రిటిష్ వాళ్ళ వెట్టిచాకిరీ మీద తిరగబడ్డారు. కాలిపోయిన దొరల బంగళాలు కట్టడానికి మగవాళ్ళందరూ వచ్చి వెట్టి చెయ్యాలని హుకుం వస్తే, వీళ్ళు రోడ్డెక్కి ఆ హుకుం వెనక్కి తీసుకునేదాకా ఇంటికి పోలేదు. 1939 డిసెంబర్‌లో మళ్ళీ లేచారు. ఊళ్ళో బియ్యం దొరక్క జనం పస్తులుంటే వ్యాపారులు బియ్యం బయటికి తోలుతున్నారు. ఎగుమతి ఆపమని రాజుకు టెలిగ్రామ్ కొట్టించడానికి తెల్ల అధికారిని టెలిగ్రాఫ్ ఆఫీసులోనే చుట్టుముట్టారు. అస్సాం రైఫిల్స్ సైనికులు తుపాకీ మడమలతో, బాయొనెట్లతో వాళ్ళ మీద పడ్డారు. అయినా కదల్లేదు. డిసెంబర్ 12ను అక్కడ నుపీ లాన్ దినమని ఇప్పటికీ జరుపుకుంటారు, ఆడవాళ్ళ యుద్ధం జరిగిన రోజు.

1970లలో అదే ఆడవాళ్ళు సారా మీద పడ్డారు. రాత్రిపూట గుంపులుగా తిరిగి, తాగినవాళ్ళను ఆపి, సారా బట్టీలు పగలగొట్టారు. మన దూబగుంట గుర్తొస్తోంది కదా? నెల్లూరు జిల్లాలో 1992లో మన అక్కచెల్లెళ్ళు చేసింది ఇదే. తేడా ఏమిటంటే, మణిపూర్‌లో సారా కోసం రాత్రి గస్తీ తిరిగే ఆడవాళ్ళకు వీధిలో ఇంకోటి కనిపించడం మొదలైంది: సైనికుల వ్యాన్లు, సోదాలు, ఇంట్లోంచి ఎత్తుకుపోతున్న కుర్రాళ్ళు. 1980 చివరికి ఆ గస్తీయే మెయిరా పైబీ అయింది, అంటే కాగడాలు పట్టిన ఆడవాళ్ళు. వెదురుబొంగుకు గుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి వెలిగిస్తారు. ప్రతి పేటకూ ఒక చిన్న పాక. వంతులవారీగా అందులో రాత్రి కాపలా. సైన్యం పేటలోకి వస్తే రాయి తీసుకుని కరెంటు స్తంభాన్ని టంగుటంగుమని కొడతారు. ఆ చప్పుడుకు ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు బయటికొస్తారు, పక్క పేటలో ఇంకో స్తంభం మోగుతుంది. పొయ్యి మీద అన్నం ఉన్నా, చంకలో బిడ్డ ఉన్నా వస్తారు. వచ్చి చేసేదేమీ పెద్దగా ఉండదు. ఎవర్ని తీసుకుపోతున్నారు, ఎక్కడికి తీసుకుపోతున్నారు, మీ అధికారి పేరేమిటి అని అడుగుతారు. చీకట్లో జరిగే పనికి సాక్షులవుతారు. నేను చదివిన నిరసన రూపాలన్నిటిలో ఇంత సాదాసీదాది, ఇంత తెలివైనది ఇంకొకటి లేదు.

ఇప్పుడు మలోమ్. ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర చిన్న ఊరు. 2000 నవంబర్ 2న అస్సాం రైఫిల్స్ కాన్వాయ్ మీద బాంబు దాడి జరిగింది. ఆ తర్వాత జరిగిన కాల్పుల్లో బస్‌స్టాప్‌లో, ఆ చుట్టుపక్కల ఉన్న పదిమంది చనిపోయారు. అందులో 62 ఏళ్ళ పెద్దావిడ ఉంది. చిన్నప్పుడు జాతీయ సాహస పురస్కారం అందుకున్న 18 ఏళ్ళ కుర్రాడున్నాడు. ఆ వారంలోనే ఇరోమ్ షర్మిల అనే 28 ఏళ్ళ అమ్మాయి అన్నం, నీళ్ళు మానేసింది. ఆత్మహత్యాయత్నం కింద అరెస్టు చేశారు. ఆ సెక్షన్ కింద ఏడాదికి మించి ఉంచకూడదు కాబట్టి ఏడాదికోసారి వదిలి మళ్ళీ పట్టుకున్నారు. ముక్కులోంచి గొట్టం వేసి ద్రవాహారం ఎక్కించారు. అలా దాదాపు పదహారేళ్ళు, 2016 ఆగస్టు 9 దాకా.

షర్మిల గురించి మీలో చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కటే అంటాను. దీక్ష విరమించాక ఆమె 2017లో ఎన్నికల్లో నిలబడితే 90 ఓట్లు వచ్చాయి. అప్పుడు మన దగ్గర కూడా మణిపూర్ జనం కృతఘ్నులని రాశారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఒక మనిషి పదహారేళ్ళు ఆకలితో ఉంటే చూసి దండం పెట్టి ఊరుకున్నది మనమే, దేశమంతా. ఆమె ఒక్కతే దేశం తరఫున బాధపడుతుందిలే, మనకి ఆ పని తప్పిందిలే అన్నట్టు ఉన్నాం. తొంభై ఓట్ల సిగ్గు ఒక్క మణిపూర్‌దే అనుకుంటే అన్యాయం.

2004 జూలై 10 రాత్రి అస్సాం రైఫిల్స్ వాళ్ళు తంగ్జామ్ మనోరమ అనే 32 ఏళ్ళ మహిళను ఇంట్లోంచి తీసుకుపోయారు. అరెస్టు చేస్తున్నట్టు కాగితం రాసిచ్చారు. తెల్లారేసరికి ఒంటినిండా గాయాలతో, తూటాలతో ఆమె శవం దొరికింది. తీవ్రవాది, పారిపోతుంటే కాల్చామని చెప్పారు. జూలై 15న పన్నెండు మంది ఆడవాళ్ళు, చాలామంది నడివయసు దాటినవాళ్ళు, మనవలూ మనవరాళ్ళూ ఉన్నవాళ్ళు, ఇంఫాల్‌లో కాంగ్లా కోట పడమటి గేటు ముందుకు వచ్చారు. ఆ కోట మణిపూర్ రాజులది. 1891 యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆక్రమించింది, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ స్థావరమైంది. ఆ గేటు ముందు ఆ పన్నెండుగురూ బట్టలు విప్పేసి నిలబడ్డారు. మేమందరం మనోరమ తల్లులం, రండి, మమ్మల్నీ చెరచండి అని అరిచారు.

సంప్రదాయంలో పెరిగిన ఆడవాళ్ళు వాళ్ళు. ఇంట్లో కొడుకులకు, కోడళ్ళకు చెప్పకుండా వచ్చారు. ఆ పని చెయ్యడానికి ముందు రాత్రి వాళ్ళు పడ్డ టెన్షన్ ఎలాంటిదో మనం ఊహించుకోవలసిందే. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, ఇరవై నాలుగేళ్ళు కాగడాలు పట్టుకుని రాత్రుళ్ళు నిలబడ్డారు. ఇంకేమీ మిగలక తమ శరీరాన్నే తెచ్చి గేటు ముందు పెట్టారు. వాళ్ళను అరెస్టు చేశారు. కర్ఫ్యూ పెట్టారు. ఆగస్టు 15న ఒక విద్యార్థి నాయకుడు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు.

ఫలితం రాలేదా అంటే వచ్చింది. ఆ ఆగస్టులోనే ఇంఫాల్ మున్సిపల్ పరిధిలోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో అఫ్‌స్పా ఎత్తేశారు. నవంబర్ 20న ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చి కాంగ్లా కోటను మణిపూర్ ప్రజలకు అప్పగించాడు. 113 ఏళ్ళ తర్వాత ఆ కోటలోంచి సైన్యం బయటికి వెళ్ళింది. నిరసనలతో ఏమవుతుందండీ అని అడిగేవాళ్ళకు నేను ఈ తేదీ చెప్తుంటాను.

అదే నెలలో కేంద్రం ఒక కమిటీ వేసింది. ఈ చట్టం ఉంచాలా, మార్చాలా, తీసెయ్యాలా చెప్పమంది. దాని అధ్యక్షుడే నేను మొదట చెప్పిన తెలుగువాడు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవారు. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల మీద వచ్చిన మండల్ కేసులో ప్రధాన తీర్పు రాసింది ఆయనే. ఆ తీర్పు గురించి మన దగ్గర వందల సభలు జరిగాయి, జరగాల్సిందే. ఈ నివేదిక మీద ఎన్ని జరిగాయి?

కమిటీలో ఒక మాజీ లెఫ్టినెంట్ జనరల్ కూడా ఉన్నారు, వి.ఆర్. రాఘవన్. ఇది గుర్తుపెట్టుకోండి, సైన్యం గోడు తెలియనివాళ్ళు రాసిన నివేదిక కాదు. కమిటీ ఈశాన్య రాష్ట్రాలు తిరిగింది, సైనికాధికారుల్ని విన్నది, తల్లుల్నీ విన్నది. 2005 జూన్ 6న నివేదిక ఇచ్చింది. చట్టాన్ని రద్దు చెయ్యమంది. ఏ కారణాల వల్లనైతేనేం, ఈ చట్టం అణచివేతకు గుర్తుగా, జనం ద్వేషించే వస్తువుగా, వివక్షకూ పెత్తనానికీ సాధనంగా మారిపోయిందని రాసింది. సైన్యం అవసరమైన చోట ఉండొచ్చు, దానికి కావలసిన అధికారాలు చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో చేర్చుకోవచ్చు, కానీ జిల్లా జిల్లాకూ ఫిర్యాదుల విభాగం పెట్టండి, ఫలానా మనిషిని తీసుకెళ్ళారా, ఎక్కడున్నాడు అని ఇంట్లోవాళ్ళు అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు చెయ్యండి అంది. కాగడా పట్టుకుని ఆడవాళ్ళు వీధిలో అడిగిన ప్రశ్నే అది. ఒక న్యాయమూర్తి దాన్ని ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించాడు.

ఆ చేర్చమన్న చట్టం తర్వాత ఎంత కఠినంగా తయారైందో చూశాం కాబట్టి, ఆ ఒక్క సూచనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. అయినా మిగతా నివేదిక నిజాయితీ ముందు తల వంచుతాను. ప్రభుత్వం దాన్ని బయటపెట్టలేదు. ఒక పత్రిక సంపాదించి ప్రచురిస్తే జనానికి తెలిసింది. చట్టం రద్దు కాలేదు. కాంగ్రెస్ ప్రభుత్వం చెయ్యలేదు, తర్వాత వచ్చిన బీజేపీ ప్రభుత్వమూ చెయ్యలేదు.

ఇంకో గుంపు ఆడవాళ్ళ గురించి కూడా చెప్పాలి. వీళ్ళు ఎన్‌కౌంటర్లలో భర్తల్ని పోగొట్టుకున్న విధవలు, ఎక్కువమంది పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళ వాళ్ళు. 2009లో ఇంఫాల్ మార్కెట్‌లో పట్టపగలు పోలీసు కమాండోలు ఒక యువకుణ్ణి కాల్చి చంపారు. తుపాకీ తీశాడని చెప్పారు. ఫొటోలు బయటికొస్తే, అతను నిరాయుధంగా నిలబడి ఉండటం, అతన్ని లోపలికి తోసుకుపోవడం దేశమంతా చూసింది. అప్పుడు ఈ విధవలు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఊరూరా తిరిగి పేరు, తేదీ, చోటు, ఎఫ్ఐఆర్ నంబర్ రాసుకున్నారు. 1979 నుంచి 2012 దాకా 1,528 మరణాల జాబితా తయారుచేసి సుప్రీంకోర్టులో వేశారు. కోర్టు జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్‌ను వేసి, ముందు ఆరు కేసులు చూడమంది. ఆరుకు ఆరూ బూటకపు ఎన్‌కౌంటర్లేనని 2013లో కమిషన్ తేల్చింది.

ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎఫ్ఐఆర్ నమోదు చెయ్యాలని మన హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009లో చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. కాబట్టి ఆ విధవల కాగితాల కట్ట విలువ తెలుగువాళ్ళకు వేరేగా చెప్పక్కర్లేదు. 2016 జూలైలో ఆ విధవల కేసులో జస్టిస్ మదన్ లోకుర్, జస్టిస్ యు.యు. లలిత్ ఇచ్చిన తీర్పులో, కల్లోలిత ప్రాంతంలోనైనా నేరం చేసిన సైనికుడికి పూర్తి రక్షణ అనేది లేదని స్పష్టంగా రాశారు. 2017లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించారు.

ఇప్పుడు కష్టమైన సంగతి. ఇది చెప్పకుండా దిగిపోతే మీకు సగమే చెప్పినట్టు. 2023 మే 3 నుంచి మణిపూర్‌లో మెయితీలు, కుకీలు అనే రెండు జాతులవాళ్ళు ఒకరినొకరు చంపుకున్నారు. మెయిరా పైబీలు లోయలోని మెయితీ ఆడవాళ్ళు. ఆ గొడవలో ఆ కాగడాలు ఒక జాతి కాపలాకే పరిమితమయ్యాయి. ఆ జూన్‌లో ఇథమ్ అనే ఊళ్ళో ఆడవాళ్ళు ముందుండి నడిపిన వెయ్యిమందికి పైగా జనం సైన్యాన్ని చుట్టుముట్టి, పట్టుబడిన పన్నెండు మంది సాయుధులను విడిపించుకుపోయారు. లోయలో అస్సాం రైఫిల్స్ వెళ్ళిపోవాలని నిరసనలు. కొండల మీద కుకీ ఆడవాళ్ళు అదే అస్సాం రైఫిల్స్ ఉండాలని రోడ్ల మీద కూర్చున్నారు. కుకీ మహిళలను నగ్నంగా ఊరేగించిన వీడియో మీరు చూసే ఉంటారు.

నాకు దీని మీద ఒక అభిప్రాయం ఉంది. మనోరమ కోసం కాంగ్లా గేటు ముందు నిలబడ్డ ధర్మం, ఊరేగింపులో ఏడ్చిన ఆ కుకీ ఆడపిల్లల కోసం కూడా నిలబడాలి. నిలబడనప్పుడు తప్పు అనాలి, మనకు ఇష్టమైన ఉద్యమమైనా సరే. అంతమాత్రాన 2004 నాటి నిరసన అబద్ధమైపోదు. అలాగే, సైన్యం ఉంటే బతుకుతాం అంటున్న కుకీ ఆడవాళ్ళ భయమూ నిజమే. ఆ భయానికి జవాబు చట్టానికి లోబడిన సైన్యం. ఎవర్ని కాల్చినా అడిగే దిక్కులేని సైన్యం ఈ రోజు ఒకరికి అండ, రేపు వాళ్ళకే గండం.

చట్టం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. త్రిపురలో 2015లో, మేఘాలయలో 2018లో అఫ్‌స్పా పూర్తిగా ఎత్తేశారు. అక్కడ ఆకాశం విరిగి పడలేదు. నాగాలాండ్‌లో 2021 డిసెంబర్ 4న, మోన్ జిల్లాలో ఓటింగ్ అనే ఊరి దగ్గర, బొగ్గు గని పని ముగించుకుని ట్రక్కులో ఇంటికి పోతున్న ఆరుగురు కూలీలను ప్రత్యేక దళం తీవ్రవాదులనుకుని కాల్చేసింది. తర్వాతి గొడవల్లో ఇంకా కొందరు గ్రామస్తులు, ఒక జవాను చనిపోయారు. నాగాలాండ్ అంతా రోడ్డు మీదికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో నాగాలాండ్, అస్సాం, మణిపూర్‌లలో చాలా ప్రాంతాల్లో చట్టం ఎత్తేశారు. 2023 గొడవల తర్వాత మణిపూర్‌లో కొన్ని చోట్ల మళ్ళీ పెట్టారు. 2025 మార్చి చివర్లో పదమూడు పోలీస్ స్టేషన్ల పరిధి తప్ప రాష్ట్రమంతటికీ పొడిగించారు.

ఓటింగ్ కేసులో నాగాలాండ్ పోలీసుల ప్రత్యేక బృందం ఒక మేజర్‌తో సహా 30 మంది మీద చార్జిషీటు వేసింది. ఆరో సెక్షన్ ప్రకారం అనుమతి అడిగితే కేంద్రం నిరాకరించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణను మూసేసింది, కేంద్రం ఎప్పుడైనా అనుమతి ఇస్తే మళ్ళీ తెరవొచ్చని చెప్పింది. ఆ అనుమతి ఇవ్వమని అడిగే అర్జీ కాగితం బయట బల్ల మీద పెట్టాం. జీవన్‌రెడ్డి నివేదిక ప్రతులు కూడా అక్కడే ఉన్నాయి. చదివి, నచ్చితే సంతకం పెట్టండి. ప్రశ్నలుంటే అడగండి, ఇక్కడే ఉంటాను.